యుద్ధ యంత్రాన్ని సొంతంగా కట్టడం: అపోహలు - వాస్తవాలు

నా బల్ల మీద ఇప్పుడు నిలబడి ఉన్న ఊహా యుద్ధ యంత్రపు నమూనా ఎత్తు 80 సెంటీమీటర్లు. రెండు కాళ్లు, రెండు ఫిరంగి చేతులు, భుజాల మధ్య ఇరుక్కున్నట్టుండే చిన్న తల. ఏ పెట్టెలోంచీ వచ్చిన కిట్ కాదు. తెల్లటి స్టైరీన్ ప్లాస్టిక్ షీటు, ఇత్తడి కడ్డీలు, పాత కిట్లలో మిగిలిపోయిన ముక్కలు, కొన్ని ప్రింటు చేసిన భాగాలతో మొదటి నుంచీ కట్టినది. స్కేలు 1/35 కాబట్టి, ఇలాంటిది నిజంగా ఉంటే 28 మీటర్ల ఎత్తుండాలి. దీన్ని చూసినవాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం కొన్ని గట్టి నమ్మకాల నుంచి పుడతాయి. అవే నమ్మకాలతో నేనూ మొదలుపెట్టాను. ఒకసారి చేతుల దాకా, మరోసారి ఛాతీ దాకా కట్టి, చేజేతులా విరగ్గొట్టాను. కాబట్టి ఎవరినీ వెక్కిరించే ఉద్దేశం లేదు.

అపోహ: ఎంత పెద్దగా కడితే అంత భారీగా కనిపిస్తుంది

అన్నిటికంటే బలమైన అపోహ ఇదే. మీటరు ఎత్తున్నా ఆటబొమ్మలా కనిపించే నమూనాలు ఉన్నాయి, జానెడు ఎత్తులోనే గుండె ఝల్లుమనిపించేవీ ఉన్నాయి. 1977లో వచ్చిన స్టార్ వార్స్ మొదటి సన్నివేశంలో తెర పైభాగం నుంచి ఎంతకీ తరగకుండా సాగే అంతరిక్ష నౌక గుర్తుందా? చిత్రీకరణకు వాడిన ఆ నమూనా పొడవు సుమారు 91 సెంటీమీటర్లు, అంటే 3 అడుగులే.

కంటికి కొలత అందించేది మనిషి. యంత్రం మీద మనిషి బొమ్మ లేకపోయినా, మనిషి వాడే వస్తువులు ఉంటే చాలు, మిగతా లెక్క కన్నే వేసుకుంటుంది. 1/35లో 1.75 మీటర్ల మనిషి సరిగ్గా 50 మిల్లీమీటర్లు. నిచ్చెన మెట్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు అనుకుంటే నమూనాలో 8.5 మిల్లీమీటర్లు. మీటరు ఎత్తు రెయిలింగు 28.5 మిల్లీమీటర్లు. మనిషి దూరే 60 సెంటీమీటర్ల తలుపు 17 మిల్లీమీటర్లు. అదే తలుపు చూడముచ్చటగా ఉంటుందని 40 మిల్లీమీటర్లు చేశామా, 28 మీటర్ల రాక్షసి కాస్తా చాలా చిన్న యంత్రమైపోతుంది.

గాడుల సంగతి ఇంకా చిత్రం. కవచం పలకల మధ్య కనిపించాలని అర మిల్లీమీటరు గాడి గీస్తాం. 1/35లో అది 17.5 మిల్లీమీటర్లు. నిజం యంత్రంలో అయితే వేలు దూరేంత సందన్నమాట! అంత సందుతో కవచం బిగించినవాణ్ణి ఏ సైన్యమైనా ఇంటికి పంపించేస్తుంది. అందుకే పలకల కలయికలను వీలైనంత సన్నగా గీస్తాను. లోతు కావలసిన చోట గాడిని వెడల్పు చేయను, ఒక పలకను ఇంకో పలక మీదకు పొరలా ఎక్కిస్తాను. 1 మిల్లీమీటరు షీటు అంచు 35 మిల్లీమీటర్ల ఉక్కు పలకలా కనిపిస్తుంది. అది నమ్మదగిన మందమే.

అపోహ: దళసరి షీటు వాడితే గట్టిగా ఉంటుంది

దళసరి షీటు గట్టిగానే ఉంటుంది, కానీ దాంతోపాటు బరువూ వస్తుంది. స్టైరీన్ సాంద్రత నీటికంటే కొంచెం ఎక్కువ. 1 మిల్లీమీటరు షీటు చదరపు మీటరుకు కిలో పైచిలుకు తూగుతుంది, 3 మిల్లీమీటర్లదైతే మూడు కిలోలు దాటుతుంది. 1 మిల్లీమీటరు షీట్లు రెండింటిని 10 మిల్లీమీటర్ల ఎడంతో నిలిపి, మధ్యలో అడ్డుపట్టీలు వేసి, అంచులు మూసి పెట్టెలా కడితే, అది వంపుకు తట్టుకునే శక్తి లెక్క ప్రకారం 3 మిల్లీమీటర్ల ఒంటి షీటు కంటే 20 రెట్లకు పైమాటే. బరువు చూస్తే, పట్టీలతో కలిపినా, తక్కువే. విమానం రెక్క, అట్టపెట్టె, ఇంటి తలుపు అన్నీ ఈ సూత్రం మీదే నిలుస్తాయి.

నేను విరగ్గొట్టిన మొదటి యంత్రం ఈ లెక్క తెలియకే పోయింది. నా పాత చిన్న నమూనా బాగా కుదిరిందని దాన్నే అన్ని వైపులా రెండింతలు చేశాను, షీటు మందంతో సహా. కొలత రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుంది. అంతటితో ఆగదు. చాచిన చేయి పొడవు కూడా రెండింతలు కదా, భుజం కీలు మీద పడే మెలి 16 రెట్లు అవుతుంది. చిన్నదానిలో 4 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కడ్డీ మోసిన చేతిని, పెద్దదానిలో 8 మిల్లీమీటర్ల కడ్డీ మోస్తుందని ఎలా అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. చేయి ఒక్కసారిగా విరిగి పడలేదు. వారం రోజుల పాటు రోజుకు కొంచెం చొప్పున వాలుతూ వచ్చింది. చివరికి మడమలు కూడా ముందుకు వంగి, యంత్రం ఏదో పోగొట్టుకుని నేల వెతుకుతున్నట్టు నిలబడింది.

ఇప్పుడు అస్థిపంజరం ముందు కడతాను. పాదం నుంచి నడుము దాకా ఇత్తడి గొట్టం, కీళ్ల దగ్గర బోల్టు, బిగుతు సరిచూసుకోవడానికి కవచంలో చిన్న దొంగ తలుపు. ప్లాస్టిక్ దాని మీద కప్పిన చర్మం మాత్రమే, భారం మోసే పని దానికి లేదు. బరువంతా పాదాల పరిధిలోనే పడుతోందా అని చూడటానికి బల్లను కాస్త వంచి చూస్తే చాలు.

అపోహ: జిగురు ఎంత పోస్తే అంత పట్టు

స్టైరీన్‌కు వాడే పల్చటి సిమెంటు నిజానికి జిగురే కాదు, ద్రావకం. రెండు ముక్కల అంచులనూ కరిగించి కలిపేస్తుంది, తర్వాత ఆవిరైపోతుంది. అతుకు ఆరాక అక్కడ మిగిలేది ప్లాస్టికే. అందుకే ముక్కలకు ముందే పూయకూడదు. రెండింటినీ చేత్తో అదిమి పట్టుకుని, తడిపిన కుంచె మొనను సందు దగ్గర ఊరికే తాకించాలి. ద్రవం దానంతట అదే సందులోకి పాకిపోతుంది. తెల్లటి ప్లాస్టిక్‌లో ఆ తడి గీత సరసరా పరుగెత్తడం కంటికి కనిపిస్తుంది. అది చివరిదాకా వెళ్లి ఆగిందంటే అతుకు పడినట్టే. మధ్యలో ఆగితే అక్కడ అంచు సరిగా ఆనలేదని అర్థం, ఇంకా పోయాలని కాదు.

ఎక్కువ పోస్తే ఏమవుతుందో నా రెండో యంత్రం చెప్పింది. ఛాతీ భాగాన్ని అన్ని వైపులా మూసిన పెట్టెలా కట్టాను. పగుళ్లు రాకూడదని లోపలి మూలలన్నిటికీ సిమెంటు ధారాళంగా పట్టించి పైమూత అతికించేశాను. మూత అద్దంలా చదునుగా వచ్చిందని సంబరపడ్డాను కూడా. రెండు నెలల తర్వాత ప్రైమరు (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేయబోతూ పక్కనుంచి టార్చి వెలుగు వేస్తే, పైపలక మధ్యలో సాసరంత పల్లం! లోపల చిక్కుకున్న ఆవిరికి బయటికి దారి లేదు. అది ప్లాస్టిక్‌ను మెల్లగా మెత్తబరుస్తూ కూర్చుంది. పల్లాన్ని పుట్టీతో నింపాను. కొన్నాళ్లకు పుట్టీ అంచు వెంబడి మళ్లీ గీత తేలింది. మూడోసారి ఛాతీ మొత్తం కోసి తీసేశాను.

అప్పటి నుంచి మూసే ప్రతి పెట్టెకూ గాలి దారి ఉంచుతున్నాను: లోపలి అడ్డుపట్టీలకు 3 మిల్లీమీటర్ల రంధ్రాలు, బయటికి కనిపించని చోట ఒకటి. వెడల్పాటి షీట్లు రెండింటిని ఒకదాని మీద ఒకటి అతికించేటప్పుడు కూడా ఇదే చిక్కు. నడుమంతా సిమెంటు పూస్తే అది బయటపడలేక షీటును వంచేస్తుంది. అడుగు షీటుకు అక్కడక్కడా రంధ్రాలు వేసి వాటిగుండా సిమెంటు అందించడం మేలు.

అపోహ: త్రీడీ ప్రింటరు వచ్చాక చేత్తో కట్టడం దండగ

నా దగ్గరా ప్రింటరు ఉంది. ఒకే రకం చక్రాలు, పైపు మెలికలు, బోల్టు తలలు, 24 క్షిపణి గొట్టాలు లాంటివి దానికే అప్పగిస్తాను. కానీ యుద్ధ యంత్రంలో ఎక్కువ భాగం చదునైన పలకలే. రెండు చేతుల వెడల్పున్న కవచాన్ని ముక్కలుగా ప్రింటు చేసి, అతికించి, పొరల గీతలు పోయేదాకా రుద్దే లోపు, షీటు మీద స్టీలు స్కేలు ఆనించి అలాంటి పలకలు పది కోసేయవచ్చు. కోయడం అంటే ఆరపార కోయడం కూడా కాదు. కత్తి మొనతో రెండు మూడు సార్లు తేలికగా గీరి, గీత దగ్గర వంచితే షీటు టక్కున విరుగుతుంది. గీసిన వైపు అంచు సన్నగా పైకి లేస్తుంది, దాన్ని బ్లేడు వీపుతో గీకేయాలి. ఈ చివరి పని మరిచిపోతే పలక ఎక్కడా సరిగా ఆనదు, తప్పు మాత్రం జిగురు మీదకు నెట్టేస్తాం.

అపోహ: ఊహా యంత్రమే కదా, కొలతలూ గీతలూ ఎందుకు?

నిజం ట్యాంకును కట్టేవాడికి ఫొటోలు ఉంటాయి, తప్పు చేస్తే అవి పట్టిస్తాయి. ఊహా యంత్రానికి సాక్ష్యం చెప్పేది మనం గీసుకున్న గీతలే. పక్క నుంచి, ముందు నుంచి అసలు సైజులో కాగితం మీద గీసుకుని, తర్వాత అట్టముక్కలతో కాళ్లు కత్తిరించి గుండుసూదులతో కీళ్లు పెట్టి ఆడించి చూస్తాను. మోకాలు కాస్త వంగగానే మోకాలి చిప్ప వెళ్లి తొడ కవచానికి కొట్టుకుంటుందని అట్ట ఐదు నిమిషాల్లో చెప్పేస్తుంది. ప్లాస్టిక్‌లో ఆ విషయం తెలియడానికి నెల పడుతుంది.

కుడి ఎడమ జతలను విడివిడిగా కొలిచి కోయకండి. రెండు షీట్లను రెండువైపులా అంటుకునే టేపుతో కలిపి ఒకేసారి ఆకురాయితో రుద్దితే కవలల్లా వస్తాయి. రెండోదాన్ని తిరగేసి వాడాలన్న సంగతి మాత్రం గుర్తుండాలి. నేను రెండు ఎడమ కాళ్లు కట్టిన రోజు కూడా ఉంది.

అపోహ: ఇతర కిట్ల ముక్కలు వాడటం మోసం

పైన చెప్పిన ఆ 3 అడుగుల నౌక కూడా ఇలా మార్కెట్లో దొరికే ప్లాస్టిక్ కిట్ల ముక్కలతో నిండినదే. ఈ చిన్న భాగాలను మా వాళ్లు గ్రీబ్లీలు అంటారు. మోసం సంగతి అలా ఉంచితే, అసలు ప్రమాదం వేరే ఉంది: ఆపలేకపోవడం. ఒకచోట అంటిస్తే పక్కన ఖాళీ వెలితిగా కనిపిస్తుంది, అక్కడా అంటిస్తాం. చివరికి యంత్రమంతా గజ్జి పట్టినట్టవుతుంది. ప్రతి ముక్కకూ నేనొక ఉద్యోగం ఇస్తాను. ఇది ఇంధనం పైపు, ఎక్కడి నుంచి ఎక్కడికి? ఇది వేడి బయటికి పోయే జాలీ, దాని వెనక ఇంజను ఉందా? జవాబు లేని ముక్క తిరిగి డబ్బాలోకి వెళ్తుంది. నున్నటి పెద్ద కవచం పక్కన ఒక్క మూల కిక్కిరిసి ఉంటేనే ఆ మూలకు విలువ. ఇంకో మాట, ఎవరైనా చూడగానే గుర్తుపట్టే ట్యాంకు చక్రాన్ని అలాగే అంటించకండి. సగానికి కోసో, బోర్లించో వాడండి.

అపోహ: రంగు పడితే తప్పులన్నీ పోతాయి

తప్పులను దండోరా వేసి చెప్పేదే రంగు. ముఖ్యంగా లేత బూడిదరంగు ప్రైమరు. తెల్ల ప్లాస్టిక్, రాగిరంగు రెజిన్ (ద్రవంగా ఉండి గట్టిపడే ప్లాస్టిక్), ఆకుపచ్చ పుట్టీ కలగలిసి ఉన్నప్పుడు కంటికి ఆనని గీతలు, అంతా ఒకే రంగులోకి రాగానే లేచి నిలబడతాయి. పల్చగా ఒక పూత వేసి, తప్పులు దిద్దుకుని, మళ్లీ వేయడానికే ప్రైమరు ఉన్నది. రెండు జాగ్రత్తలు. థర్మోకోల్ లాంటి నురగ వాడి ఉంటే దాన్ని పూర్తిగా మూసేదాకా స్ప్రే డబ్బా దగ్గరకు తేకండి, కళ్లముందే కరిగిపోతుంది. రంగు పడని ప్లాస్టిక్ మీద, అందులోనూ బిగువుగా వంచిన చోట, ఎనామిల్ థిన్నరుతో కలిపిన మురికిరంగును (యంత్రం పాతబడినట్టు కనిపించడానికి వేసే పల్చటి పూత) పారించకండి. మర్నాటికి పటుక్కున పగులుతుంది.

అపోహ: మాస్కు ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) వాడేటప్పుడు మాత్రమే

రెజిన్ రుద్దినప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిపి రుద్దితే చాలావరకు గాలిలోకి లేవదు. పొడిని ఆపే మాస్కు ద్రావకాల ఆవిరిని ఆపదు, దానికి బొగ్గు గుళికలున్న మాస్కు వేరే ఉంటుంది. కిటికీ తెరవండి. ఇందులో చర్చ లేదు.

అపోహ: పని పూర్తయ్యాక భాగాలన్నీ అతికించేయాలి

అతికించేస్తే అది పుట్టిన గదిలోనే ఉండిపోతుంది. నా యంత్రం భుజాల వెడల్పు గుమ్మానికి మించలేదు కానీ, ఫిరంగులతో కలిపి కొలిస్తే మించిపోతుంది. అందుకే నడుము దగ్గర గొట్టంలో గొట్టం దూరే అమరిక పెట్టాను, చేతులకు అయస్కాంతాలు. రంగు వేయడమూ ఇలా విడివిడిగా ఉంటేనే సులువు. అయస్కాంతాలను అతికించే ముందు ఏ ముఖం ఏ వైపో పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. ఎడమ భుజంలో ఒకదాన్ని నేను తిరగేసి పెట్టి, సూపర్ గ్లూ కూడా పోసేశాను. చేయి దగ్గరకు తెచ్చిన ప్రతిసారీ భుజం దాన్ని విసుగ్గా పక్కకు నెట్టేసేది. తవ్వి తీయడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. ఆ గుంట ఇప్పటికీ భుజం కవచం కిందే ఉంది, పూడ్చలేదు.