నచ్చిన నవల సినిమాగా వస్తే: అపోహలు, వాస్తవాలు

నచ్చిన ప్రేమ నవల సినిమాగా వస్తోందంటే చాలు, నెల్లూరు, ఒంగోలు పాఠకులు స్క్రీన్‌ప్లే రాసేవాళ్లని ఒకటే అడుగుతారు: "పొయ్యేముందు ఇంకోసారి చదివి పోతే బాగుంటదా?" ఆట వదిలాక మళ్లీ వాళ్లదే ఒక ఫిర్యాదు: "ఆ ఉత్తరం ఏమైంది? ఆ మేనత్త ఏమైంది? సగం కథ మింగేశారబ్బా!" మొదటిదానివల్లే రెండోది పుడుతోందని మాత్రం ఎవరూ అనుకోరు.

అపోహ: ముందురోజు నవల మళ్లీ చదివితే సినిమా బాగా అర్థమవుతుంది.

వాస్తవం: అర్థమవడం మాట అటుంచండి, అసలు చూడటమే కుదరదు. నిన్న చదివిన పుస్తకం వాక్యాలతో సహా మనసులో ఆడుతూ ఉంటుంది. తెర మీద ఒక సీన్ నడుస్తుంటే, మనం తర్వాతి అధ్యాయం దగ్గర కాపు కాస్తుంటాం. అది రాకపోతే "తీసేశారు". వస్తే "ఇట్టా కాదే, మార్చేశారే". మనుషుల్ని పరిచయం చేసే మొదటి 20 నిమిషాలు ఈ లెక్కల్లోనే గడిచిపోతాయి.

లెక్కే కావాలంటే ఇది వేయండి. 300 పేజీల నవల, పేజీకి 2 నిమిషాల చొప్పున 10 గంటల చదువు. సినిమా 150 నిమిషాలు. 5 పాటలకి 20 నిమిషాలు తీసేస్తే మిగిలేవి 130. సీను సగటున 2 నిమిషాలు అనుకుంటే 65 సీన్లు. అదే నవల వారపత్రికలో 26 వారాలు సీరియల్‌గా నడిచి ఉంటే, వారానికి నాలుగు సన్నివేశాలు వేసుకున్నా 104. పైగా సీరియల్ ప్రతి వారం చివరా ఒక ముడి వేస్తుంది. సినిమాకి అన్ని ముళ్లు పనికిరావు. ఇంటర్వెల్ దగ్గర ఒకటి, క్లైమాక్స్ ముందు ఒకటి గట్టిగా పడాలి. అందుకే మేనత్త, పక్కింటి పిన్ని కలిసి ఒకే మనిషి అవుతారు. మూడు ఊళ్ల కథ ఒక ఊరికి వస్తుంది.

ప్రేమకథకి ఇంకో చిక్కుంది. అక్కడ జరిగేదంతా మనసులోనే. ఉదాహరణకి కావలి బస్టాండులో ఒంగోలు బస్సు కోసం నిలబడ్డ అమ్మాయి "వెళ్లనా, ఉండిపోనా" అని నవలలో నాలుగు పేజీలు తర్కించుకుంటుంది అనుకుందాం. కెమెరాకి ఆ తర్కం కనపడదు. కాబట్టి రాసేవాడు ఆమెను బస్సు ఎక్కించి, టికెట్ కొనిపిస్తాడు. కండక్టర్ "రైట్ రైట్" అనే లోపు సంచి పట్టుకుని దిగిపోతుంది. టికెట్ మడిచి చేతిలోని పుస్తకంలో పెట్టుకుంటుంది. మాట లేదు, 40 సెకన్లు. గంట తర్వాత ఆ పుస్తకం అబ్బాయి చేతికొస్తుంది, టికెట్ జారి పడుతుంది. నాలుగు పేజీలూ ఆ టికెట్‌లోకి వచ్చాయి. ముందురోజు నవల చదివి వెళ్లినాయన ఆ 40 సెకన్లలో టికెట్ చూడడు, ఆ నాలుగు పేజీల కోసం ఎదురుచూస్తుంటాడు. బయటికొచ్చి "ఆ అమ్మాయికి ఆలోచనే లేకుండా చేశారు" అంటాడు. వాయిస్ ఓవర్ పెట్టొచ్చుగా అంటారు. ఒకటి రెండు నిమిషాలు నడుస్తుంది, అది దాటితే బొమ్మ ఊరికే పడుతుంటుంది, మనం రేడియో వింటుంటాం.

మరేం చేయాలి? చదివినదానికీ సినిమాకీ మధ్య కనీసం నెల ఎడం ఉంచండి. వెళ్లేముందు పుస్తకం తెరవకుండా, అందులో మీకు గుర్తున్న ఐదు విషయాలు కాగితం మీద రాసుకోండి. మీకు నిజంగా నచ్చిన నవల ఆ ఐదే. సినిమా అయ్యాక ఆ ఐదింటిలో ఎన్ని, ఏ రూపంలో వచ్చాయో చూడండి. మూడు వచ్చుంటే రాసినవాడు పని చేసినట్టే. ఒక్కటీ రాకపోతే తిట్టండి, అప్పుడు మీ తిట్టుకి విలువుంటుంది.

అపోహ: నటి ముఖం చూస్తే నా మనసులో ఉన్న నాయిక చెరిగిపోతుంది.

ఇది పూర్తిగా అపోహ కాదు, భయపడేవాళ్లని చూసి నవ్వక్కర్లేదు. నెల్లూరులో పుట్టిన వాణిశ్రీ 'ప్రేమనగర్' (1971), 'జీవన తరంగాలు' (1973), 'సెక్రటరీ' (1976) చేశాక, యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నవలలోని జయంతిని ఆమె ముఖంతో తప్ప చదవలేనివాళ్లు మన జిల్లాలోనే ఎందరో. కానీ ముఖాన్ని ఎక్కువగా రుద్దేది సినిమా కాదు, ట్రైలర్, పోస్టర్. అక్కడ కథ ఉండదు, ముఖమే ఉంటుంది. అవి మానేసి నేరుగా సినిమాకి వెళ్తే దెబ్బ సగం తగ్గుతుంది.

మిగతావి గబగబా.

పాతకాలం వాళ్లు నవలను ఉన్నదున్నట్టు తీసేవారట. ఎవరు చెప్పారు? డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' ఆధారంగా వచ్చిన 'చదువుకున్న అమ్మాయిలు' (1963) చూసి, నవల పక్కన పెట్టుకోండి. ఎంత మారిందో తెలుస్తుంది.

పేరొకటైతే కథొకటే అనుకోవద్దు. 1960 నాటి 'చివరకు మిగిలేది' సినిమాకీ బుచ్చిబాబు నవలకీ కథాసంబంధం లేదు. అది ఒక బెంగాలీ సినిమాకి రీమేక్.

నవలంటే ఎప్పుడూ కత్తిరింపే అనేదీ తప్పే. శరత్ 'దేవదాసు' చిన్న పుస్తకం, 1953 తెలుగు సినిమా దాదాపు మూడు గంటలు. 'కొండపొలం' (2021)లో రకుల్ వేసిన ఓబులమ్మ నవలలోనే లేదు, సినిమా కోసం ప్రేమకథను కలిపారు. గిద్దలూరు వైపు నల్లమల తెలిసిన పాఠకులకి అది అతికించినట్టు ఉండొచ్చు, అది వేరే వాదన.

"10 శాతం మారిస్తే హక్కులు కొనక్కర్లేదు", ఈ పుకారు మాత్రం విసుగు తెప్పిస్తుంది. కాపీరైట్ చట్టంలో అలాంటి శాతమే లేదు. రచయిత హక్కులు అమ్ముకున్నాక నోరెత్తకూడదన్నదీ అబద్ధమే. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన నవల సినిమా విషయంలో కోర్టుకెక్కినప్పుడు, రచనను వక్రీకరిస్తే అదే చట్టం సెక్షన్ 57 కింద అభ్యంతరం చెప్పొచ్చని ఢిల్లీ హైకోర్టు 1986లో తేల్చింది.

ఇక సినిమా చూశాక నవల చదవొచ్చా? చదవాల్సింది అప్పుడే. ఎక్కడ దూకారో, ఎక్కడ కలిపారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ చదవండి. సినిమా ఆడే రోజుల్లో గ్రంథాలయంలో ఆ పుస్తకం చేతికి దొరకదు కాబట్టి సొంత ప్రతి ముందే కొని బీరువాలో పెట్టుకోండి. తాళం చెవి ఇంట్లో ఇంకెవరికైనా ఇవ్వండి.