మిట్టమధ్యాహ్నం బావి దగ్గర

ఎండాకాలం సెలవుల్లో పన్నెండు కొట్టిందంటే మేం పిల్లలందరం ఇంట్లో ఉండాల్సిందే. మాది నెల్లూరు జిల్లాలో పెన్న ఒడ్డుకు దగ్గరి పల్లె. ఊరి బయట చేలల్లో ఒక దిగుడుబావి ఉండేది. ఈత నేర్చుకుంది అందులోనే. పొద్దున ఎంతసేపు ఈదినా జేజి ఏమనేది కాదు, సాయంత్రం పోయినా ఏమనేది కాదు. "మద్దేన్నం మాత్రం బావి కాడికి పోబాకండిరా, తెల్లకోక ఆమె గట్టు మీద కూచోనుంటది" అనేది. ఆమె ఎవరో, అక్కడెందుకు కూర్చుంటుందో జేజి ఎప్పుడూ చెప్పలేదు. ఏ వేళకు వస్తుందో మాత్రం గట్టిగా చెప్పేది.

పోయిన వేసవిలో నెల్లూరులో అక్కవాళ్ళింటికి వెళ్తే మా మేనల్లుడు కంప్యూటర్‌లో 'ద విచర్ 3' అనే పోలండ్ వాళ్ళ వీడియో గేమ్ ఆడుతున్నాడు. తెర మీద పాడుబడిన పల్లె, ఖాళీ ఇళ్ళ మధ్య ఒక బావి, పైన కాసే ఎండ. ఆ ఎండలోంచి ఒక ఆడమనిషి లేచి వచ్చింది. ఎండిపోయిన ఒళ్ళు, చీలికలు పేలికలైన బట్ట. "ఇది రాత్రి దెయ్యం కాదు మామా, పగటి దెయ్యం" అన్నాడు వాడు. నాకు ఒళ్ళు జలదరించింది. జేజి చెప్పిన మనిషి పోలండ్‌లో ఎలా తేలిందా అనిపించింది.

ఆటలోని ఆమె పుట్టింది పోలండ్ పొలాల్లోనే. అక్కడి పల్లె జనం ఆమెను పొవుద్నిత్సా అంటారు. ఆ పేరు మధ్యాహ్నం అనే మాటలోంచి వచ్చింది. కోతల కాలంలో నడినెత్తిన ఎండ కాసేటప్పుడు కూడా పొలం వదలని వాళ్ళను పట్టుకుంటుందని, గట్టున పడుకోబెట్టిన పసిపిల్లల్ని ఎత్తుకుపోతుందని చెప్పుకునేవాళ్ళు. రష్యాలో, చెక్ దేశంలో కూడా ఆమె అక్కచెల్లెళ్ళు ఉన్నారు.

దీని వెనక వడదెబ్బ ఉందని చాలామంది పరిశోధకులు చెబుతారు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే మొదట దెబ్బతినేది మెదడు పనే. మాట తడబడుతుంది, ఎక్కడున్నామో తెలియదు, లేనిది కనపడుతుంది, ఫిట్స్ వస్తాయి, మనిషి పడిపోతాడు. పొద్దున బాగున్న మనిషి మధ్యాహ్నానికి పిచ్చిమాటలు మాట్లాడి సాయంత్రానికి చనిపోతే, థర్మామీటర్ లేని కాలంలో ఊరు దానికి ఏం పేరు పెట్టాలి? 'ద విచర్ 3' విడుదలైంది 2015 మే 19న. అదే నెలాఖరులో వడగాలులకు మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు ఆ రోజులు బాగా గుర్తు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనం ఊరికే అనం.

అయితే వడదెబ్బే దెయ్యమని తేల్చేసి ఊరుకుంటే సగం కథ పోతుంది. మధ్యాహ్నం పూట కూలీలంతా ఇళ్ళకు పోతారు, చేలు ఖాళీ అవుతాయి. అప్పుడు బావిలో పిల్లవాడు మునిగితే కేక వినేవాడు ఉండడు. జేజి మాటలో ఇదంతా ఉంది. జానపద కథలో దెయ్యం ఎలా ఉంటుందన్నది ఊరికొక రకంగా మారుతుంది. ఎప్పుడు వస్తుంది, ఎక్కడ ఉంటుంది, ఏం చేస్తే పోతుంది అన్నవి మాత్రం అంత తొందరగా మారవు. నా లెక్కలో కథకు ప్రాణం ఆ నియమాలే.

ఈ ఆట తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ వాళ్ళు సరిగ్గా ఆ నియమాలనే పట్టుకున్నారు. ఆ బావి దెయ్యాన్ని ఉత్త కత్తితో వదిలించుకోలేరు. ఆమెను ఈ లోకానికి కట్టిపడేసిన వస్తువేదో ముందు కనుక్కోవాలి. మా వాడు బావిలోకి దిగి, నీటి అడుగున వెతికి, ఒక కంకణం పైకి తెచ్చాడు. ఆమె శవంతో పాటు దాన్ని కాల్చాకే పోరాటం మొదలైంది. ఆమె ఎవరు, ఎలా చనిపోయింది, ఎవరు చంపారు అన్నది తెలుసుకోకుండా ముందుకు పోయే దారి లేదు. దెయ్యం పట్టిందంటే "ఎవరు నువ్వు, ఏం కావాలి నీకు" అని మన ఊళ్ళల్లో ముందు అడుగుతారే, ఇదీ అంతే.

ఈ పద్ధతి ఆటకు మూలమైన కథల్లోంచే వచ్చింది. ఆంద్జెయ్ సప్కోవ్‌స్కీ అనే రచయిత పోలండ్‌లోని 'ఫంతాస్తికా' పత్రిక పోటీకి రాసిన ఒక కథ 1986లో అచ్చయింది. అందులో శాపం తగిలిన రాజకుమార్తె స్ట్షిగా అనే పిశాచమై, రాత్రుళ్ళు సమాధిలోంచి లేచి మనుషుల్ని తింటుంది. కోడి మూడోసారి కూసేదాకా ఆమెను తన శవపేటికలోకి పోనివ్వకుండా ఆపగలిగితే శాపం తీరుతుంది. 19వ శతాబ్దంలో రోమన్ జ్మోర్‌స్కీ అచ్చువేసిన పోలిష్ జానపద కథను ఆయన కొత్తగా చెప్పాడు. 2007లో వచ్చిన మొదటి ఆట తెరుచుకునేది కూడా ఆ రాత్రి పోరుతోనే.

స్ట్షిగా గురించి పోలండ్‌లో ఇంకో నమ్మకం ఉంది. ఆమెకు రెండు ఆత్మలు, రెండు వరసల పళ్ళు ఉంటాయట. అందుకని పుట్టుకతోనే పళ్ళున్న బిడ్డను చూసి జనం భయపడేవాళ్ళు. అలాంటి బిడ్డలు సుమారు రెండు మూడు వేల మందిలో ఒకరు పుడతారు, అది జబ్బేమీ కాదు. మన దగ్గర పైపళ్ళు ముందొస్తే మేనమామకు గండమంటారు. పాపం, ఎక్కడైనా పసిబిడ్డ నోరే పెద్దవాళ్ళ భయానికి చోటైంది.

నన్ను అన్నిటికన్నా కదిలించింది మూడో ఆటలోని ఒక చిన్న ప్రాణి. పేరు పెట్టకుండా, సరిగా పూడ్చకుండా వదిలేసిన గర్భస్రావపు పిండం అది. దాన్ని చంపేయొచ్చు. లేదా కన్నతండ్రి చేతుల్లో ఎత్తుకుని మోసుకొచ్చి, పేరు పెట్టి, తన ఇంటి గడప కింద పూడిస్తే అది ఆ ఇంటిని కాచే దేవతవుతుంది. ఆ తండ్రి తాగుబోతు, పెళ్ళాన్ని కొట్టినవాడు. వాడు వానలో ఆ బిడ్డను ఎత్తుకుని నడుస్తుంటే నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. గడపకు పసుపు రాసి బొట్టు పెట్టే ఇంట్లో పెరిగినవాళ్ళకు, అక్కడే ఎందుకు పూడ్చాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. గడప లోపలా కాదు, బయటా కాదు. మిట్టమధ్యాహ్నం కూడా అంతే, పొద్దు ఎక్కడం ఆగి దిగడం మొదలయ్యే క్షణం. కోడికూత రాత్రికీ పగటికీ సరిహద్దు. కథలు ప్రమాదాన్నీ, దాని విరుగుడునూ ఇలాంటి సందుల్లోనే దాస్తాయి.

ఆ సందులోంచే మన నరసింహుడు వచ్చాడు. పగలూ కాదు రాత్రీ కాదు, లోపలా కాదు బయటా కాదు. పెంచలకోనకు పోయి మొక్కుకునే మా జిల్లా వాళ్ళకు ఈ వరం షరతులు నోటికి వచ్చు. పోలండ్‌లో త్వర్దోవ్‌స్కీ అనే మాంత్రికుడు ఇలాంటి షరతుతోనే తన ఆత్మను సైతానుకు అమ్మాడు. రోమ్‌లో తప్ప తనను తీసుకుపోకూడదన్నాడు, ఆ నగరం ముఖమే చూడలేదు. చివరికి 'రోమ్' అని పేరున్న పూటకూళ్ళ ఇంట్లో దొరికిపోయాడు. 2015 అక్టోబరులో మూడో ఆటకు వచ్చిన 'హార్ట్స్ ఆఫ్ స్టోన్' అదనపు భాగంలో రోమ్ బదులు చంద్రుడు పెట్టారు. ఒప్పందం చేసుకున్నవాళ్ళిద్దరూ చంద్రుడి మీద నిలబడ్డప్పుడే అది తీరాలి. తీరా ఒక గుడి నేల మీద చంద్రుడి బొమ్మ ఉంటుంది.

సైతానుతో ఒప్పందం కథలు ఎంత పాతవో 2016లో సారా గ్రాసా ద సిల్వా, జంషీద్ తెహ్రానీ లెక్క కట్టి చూశారు. జీవుల వంశవృక్షాలు గీసే పద్ధతినే 275 మాయా కథల మీద పెట్టారు. కమ్మరి, సైతాను కథ సుమారు 6,000 ఏళ్ళ నాటిదై ఉండొచ్చని తేలింది. వాళ్ళు చూసింది ఇండో-యూరోపియన్ భాషలు మాట్లాడే జనాల కథలు. తెలుగు ద్రావిడ భాష కాబట్టి ఆ వృక్షంలో మన కొమ్మ లేదు. కాబట్టి జేజి తెల్లకోక ఆమెకూ పొవుద్నిత్సాకూ చుట్టరికం ఉందని నేను అనను. ఎండ ఒకటే, ఖాళీ చేలు ఒకటే, పిల్లల మీద భయం ఒకటే. అవి ఉన్నచోట ఆమె మళ్ళీ మళ్ళీ పుట్టగలదు.

సెలవులు అయిపోయేలోపు మా వాణ్ణి ఊరికి తీసుకుపోయాను. బావిలో ఇప్పుడు నీళ్ళు లేవు. మెట్ల మీద తుమ్మమొక్కలు మొలిచాయి, పక్కనే బోరు మోటారు ఉంది. వాడు గట్టు మీద కూర్చుని లోపలికి తొంగిచూశాడు. ఫోన్‌లో టైమ్ చూసుకుని, "పదకొండున్నరే మామా, ఇంకో అరగంట ఉండి చూద్దాం" అన్నాడు. సరేనందామనే అనుకున్నాను. చుట్టూ చేలల్లో మనిషి లేడు. వాడి చెయ్యి పట్టుకుని, పన్నెండు కాకముందే ఇంటికి తీసుకొచ్చేశాను.