కిటికీలో కూర్చున్న దుబాసీ

పర్లాకిమిడిలో మా ఇల్లు ఊరి చివర. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. మొన్నటి వానలకి ఇంటి బ్రాడ్‌బ్యాండ్ వైరు ఎక్కడో తెగి మూడు రోజులు నెట్ లేదు. మా మేనకోడలు స్కాలర్‌షిప్ ఫారం పెట్టడానికి ఆ రాత్రే ఆఖరు. అంత పొడుగు ఫారం ఫోన్లో నింపడం కుదరదు, లాప్‌టాప్ కావాలి. నా ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ఇచ్చాను. రెండు నిమిషాలకే పిలుపు.

"మావయ్యా, గీతలు నిండుగా ఉన్నాయి, పేజీ మాత్రం తిరుగుతానే ఉంది. ఏటైంది దీనికి?"

చూస్తే సిగ్నల్ గీతల పక్కన చిన్న 'ఆర్' అక్షరం ఉంది. సంగతి అర్థమైంది. మన దేశంలో మొబైల్ నెట్‌వర్క్‌లని సర్కిళ్లుగా విడగొట్టారు. ఒడిశా ఒక సర్కిల్, ఆంధ్ర, తెలంగాణ కలిపి ఇంకొకటి. ఒకే కంపెనీ అయినా సర్కిల్‌కో కోడ్ ఉంటుంది, 404తోనో 405తోనో మొదలవుతుంది. నా సిమ్ ఒడిశాది. ఏటి అవతల టవర్ నుంచి వచ్చే తరంగానికి రాష్ట్రం సరిహద్దు తెలియదు కదా. మా గదిలో సొంత సర్కిల్ టవర్ అందని సమయంలో అది బలంగా వస్తే ఫోను దాన్నే పట్టుకుంది. ఆ టవర్ మీద నా సిమ్ చుట్టం కింద లెక్క. దీన్నే రోమింగ్ అంటారు, ఆ 'ఆర్' దాని గుర్తే. ఫోన్లో 'డేటా రోమింగ్' ఆఫ్‌లో ఉంటే గీతలు నిండుగా కనిపిస్తాయి, మాటలు వెళ్తాయి, నెట్ మాత్రం రాదు. ఇప్పుడు దేశం లోపల చాలా ప్లాన్లకి రోమింగ్ ఖర్చు అదనంగా లేదు. పాత భయంతో ఆ మీట ఆపేసి ఉంచుకునేవాళ్లు మా సరిహద్దు ఊళ్లలో చాలామందే ఉన్నారు. ఆన్ చేశాను, పేజీ వచ్చింది.

పావుగంట అయ్యాక మళ్లీ నెమ్మదించింది. ఈసారి ఫోను చేత్తో పట్టుకుంటే కాలుతోంది.

ఆ వేడి ఎక్కడిదో తెలియాలంటే ఫోను అక్కడ చేస్తున్న పని ఏంటో చూడాలి. అది మోడెమ్ పని. మోడెమ్ అనే మాట మాడ్యులేటర్, డీమాడ్యులేటర్ అనే రెండు మాటల ముక్కలు అతికితే వచ్చింది. కంప్యూటర్‌కి తెలిసినవి సున్నా, ఒకటి. దూరం వెళ్లగలిగేది తరంగం. సున్నాలనీ ఒకట్లనీ తరంగంలోకి మార్చి పంపాలి, వచ్చిన తరంగంలోంచి మళ్లీ సున్నాలు, ఒకట్లు ఏరుకోవాలి. మన మాటల్లో చెప్పాలంటే మోడెమ్ దుబాసీ, రెండు భాషలవాళ్ల మధ్య మాట మార్చి చెప్పే మనిషి లాంటిది. మా ఊరికి దుబాసీలు కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడే పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాశారు. ఇప్పటికీ మా బజారులో కూరలమ్మే మనిషి ఒకే బేరంలో ఒడియా, తెలుగు రెండూ తిప్పుతుంది.

టెలిఫోన్ వైరు రోజుల్లో ఈ దుబాసీ గొంతు మనకి వినపడేది. డయల్ చేశాక వచ్చే ఆ కీచులు, గరగరలు రెండు మోడెమ్‌లు లైను ఎలా ఉందో పరీక్షించుకుని, ఎంత వేగంలో మాట్లాడుకుందామో తేల్చుకునే బేరం. ఎంత బేరమాడినా సెకనుకి 56 కిలోబిట్లు, అంటే 56 వేల సున్నాలు, ఒకట్లు, దాటేది కాదు. తర్వాత బటన్ల ఫోన్లు వచ్చాయి. కేబుల్‌తోనో బ్లూటూత్‌తోనో కంప్యూటర్‌కి కలిపి *99# డయల్ చేస్తే నెట్ వచ్చేది. ఆ నంబరు ఎవరికీ వెళ్లేది కాదు, 'డేటా తెరువు' అని నెట్‌వర్క్‌కి చెప్పే గుర్తు మాత్రమే. అప్పట్లో ఫోను నిజంగా మోడెమ్‌లాగే ఉండేది, కంప్యూటర్ చెప్పిన ఆదేశం పాటించేది. 2010లో ఆండ్రాయిడ్ 2.2తో హాట్‌స్పాట్ ఫోన్లోనే వచ్చేసరికి దాని హోదా మారింది. ఇప్పుడది ఉమ్మడి కుటుంబంలో ఇంటి పెద్ద లాంటిది. లాప్‌టాప్‌కీ, టాబ్లెట్‌కీ ఇంటి లోపల తలో అడ్రసు తనే ఇస్తుంది. బయటికి వెళ్లే ఉత్తరాలన్నీ తన పేరు మీదే పంపుతుంది. జవాబు రాగానే ఏది ఎవరిదో నంబరు చూసి పంచుతుంది.

ఇంక ఆ వేడి సంగతి. ఏటికి ఈ ఒడ్డున మీరు, ఆ ఒడ్డున మీ మనిషి. గాలి హోరులో మీ మాట వినపడటం లేదు. ఏం చేస్తారు? గొంతు పెంచుతారు. పొడుగు మాటలు మాని ముక్కలు ముక్కలుగా చెప్తారు. వినపడలేదని చెయ్యి ఊపితే చెప్పిందే మళ్లీ చెప్తారు. టవర్ దూరమైనప్పుడు ఫోను చేసేవి సరిగ్గా ఈ మూడే.

ముందు గొంతు. 4జీ ఫోను పంపే తరంగం బలం ఎంత పెంచినా వాట్‌లో అయిదో వంతుకి అటూ ఇటూ. టవర్ పక్కనే ఉంటే అందులో లక్షల వంతుకి కూడా తగ్గించుకుంటుంది, ఎంత కావాలో టవరే చెప్తుంటుంది. పూర్తి గొంతుతో అరవాల్సి వస్తే ఆ అయిదో వంతు వాట్ కోసం లోపలి యాంప్లిఫయర్ బ్యాటరీ నుంచి దానికి కొన్ని రెట్లు లాగుతుంది. తరంగంగా వెళ్లనిదంతా వేడి అవుతుంది.

రెండోది మాట తీరు. సిగ్నల్ బాగుంటే తరంగం ఎత్తునీ, దాని ఊపు ఎక్కడ మొదలవుతుందో ఆ చోటునీ 64 రకాలుగా తిప్పి ఒక్కో విడతకి 6 బిట్లు పంపగలదు. సిగ్నల్ బలహీనమైతే 16 రకాలకి దిగి 4 బిట్లు, ఇంకా పోతే 4 రకాలకి దిగి 2 బిట్లే పంపుతుంది. తక్కువ రకాలైతే ఒకదాన్ని చూసి ఇంకొకటని పొరపడే అవకాశం తక్కువ. వేగం మూడో వంతుకి పడిపోవడానికి అసలు కారణం ఇదే, ఎవరో లైను తొక్కిపట్టడం కాదు. మూడోది మళ్లీ చెప్పడం. పాడైన ముక్కని టవర్ తిరిగి అడుగుతుంది, ఫోను తిరిగి పంపుతుంది. ఇవి మూడూ కలిస్తే ఒక్క ఫొటో పంపడానికి ఎక్కువసేపు, ఎక్కువ గొంతుతో, ఎక్కువసార్లు అరవాలి.

మా ఇంట్లో జరిగిందీ అదే. పిల్ల ఫారంలో వివరాలు టైపు చేసుకుంటున్నంతసేపూ డేటా కదల్లేదు. అలా ఖాళీ దొరికినప్పుడు రోమింగ్‌లో ఉన్న ఫోను సొంత సర్కిల్ టవర్ ఎక్కడైనా ఉందేమో అని వెతుకుతుంది. ఎంత బలహీనంగా ఉన్నా సరే, పనికొచ్చేట్టు దొరికితే సొంతింటికే పోతుంది. అలా వెళ్లి ఒక్క గీత మీద వేలాడుతూ మార్కుల కాగితం స్కాన్ పైకి పంపలేక అరుస్తోంది.

సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ తెరిచాను, సిగ్నల్ బలం అక్కడ అంకెలో కనిపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో 'ఎబౌట్ ఫోన్' కింద ఉంటుంది. గీతల కన్నా ఆ అంకెని నమ్ముకోవడం మంచిది, ఎందుకంటే ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపాలన్నది ఫోన్లన్నిటికీ ఒకటి కాదు. నట్టింట్లో, ఇనుప బీరువా పక్కన బల్ల మీద మైనస్ 115 డీబీఎమ్. డీబీఎమ్ అంటే సిగ్నల్ బలానికి కొలత, మైనస్ పక్కన అంకె ఎంత చిన్నదైతే బలం అంత ఎక్కువ. వీధి వైపు కిటికీ గట్టు మీద పెడితే మైనస్ 95. ఇరవయ్యే కదా తేడా అనిపిస్తుంది. ఈ లెక్కలో ప్రతి పదికీ బలం పది రెట్లు పెరుగుతుంది. అంటే నాలుగడుగులు నడిచి కిటికీ దగ్గరికి వెళ్తే సిగ్నల్ వంద రెట్లు పెరిగింది. స్లాబులో ఇనుప చువ్వలు, తడిసిన గోడ, బీరువా కలిసి మిగతాదంతా తినేస్తున్నాయి. ఫోను మన పక్కన ఉండాల్సిన పని లేదు, టవర్‌కి ఎదురుగా ఉండాలి. లాప్‌టాప్ ఎక్కడున్నా పరవాలేదు.

కిటికీ దాకా అందే కేబుల్ వెతికాను. మొదటిది పెడితే ఛార్జింగ్ ఎక్కుతోంది కానీ ఫోను నెట్‌ని తీగ మీద లాప్‌టాప్‌కి ఇచ్చే 'యూఎస్‌బీ టెథరింగ్' మీట వెలగలేదు. మామూలు యూఎస్‌బీ కేబుల్లో కనీసం నాలుగు తీగలు ఉంటాయి, రెండు కరెంటుకి, రెండు డేటాకి. చవక కేబుళ్లు కొన్నిట్లో డేటా తీగలు అసలుండవు. రెండోది పని చేసింది. కేబుల్‌తో ఇంకో లాభం ఉంది. హాట్‌స్పాట్‌లో ఫోను ఒక రేడియోతో టవర్‌తోనూ, ఇంకో రేడియోతో లాప్‌టాప్‌తోనూ ఒకేసారి మాట్లాడాలి. తీగ పెడితే ఆ రెండో రేడియోకి విశ్రాంతి. పైగా లాప్‌టాపే దానికి కాస్త కరెంటు పోస్తుంది. తీగ వీలుకాకపోతే హాట్‌స్పాట్‌ని ఇంట్లో గోడల మధ్య 2.4 గిగాహెర్ట్జ్‌లో పెట్టుకోవడం నయం. పక్కపక్కనే ఉంటే 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది. ఒక్క మెయిలు పంపితే చాలు, బ్యాటరీ మిగలాలి అనుకుంటే బ్లూటూత్ సరిపోతుంది.

ఇంకొకటి ముందే చేయాల్సింది ఆలస్యంగా గుర్తొచ్చింది. లాప్‌టాప్ ఈ తీగని చూసి ఇంటి బ్రాడ్‌బ్యాండ్ అనుకుంటుంది, సందు దొరికిందని విండోస్ అప్‌డేట్లు దించుకోవడం మొదలుపెడుతుంది. రోజుకి 1.5 జీబీ ప్లాన్ అయితే ఫారం పూర్తవకముందే ఖాళీ. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 'ఈ నెట్‌కి లెక్క ఉంది' అని చెప్పే 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేస్తే లాప్‌టాప్ చాలావరకు చేతులు కట్టుకుంటుంది.

అన్నీ సర్దాక పిల్ల మళ్లీ కూర్చుంది. స్కాన్ కాగితాలు ఒక్కొక్కటే ఎక్కాయి. పదకొండు దాటాక రసీదు పేజీ వచ్చింది, దాన్ని ఫొటో కూడా తీసుకుంది. కేబుల్ పీకి కిటికీలోంచి ఫోను తీశాను. గోరువెచ్చగా ఉందంతే.