వాన పడితే మేడెక్కే పిన్ని

నాలుగు చినుకులు పడితే చాలు, మా పిన్ని మేడెక్కేస్తుంది. ఇంటి కాగితాలు, ఆధార్ కార్డులు ఉన్న సంచీ చంకలో ఉండాల్సిందే. వాళ్లది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు ఇంట్లోకి వచ్చాక రెండు రోజులు ఆ మేడ మీదే గడిపింది. ఇప్పుడు పడేది మామూలు వానేనని తెలుసు, అయినా దడ ఆగదు.

"పోయిందేదో పోయింది, ఇంక తలుచుకోకు పిన్నీ" అని అందరం చెప్పాం. ప్రేమతో చెప్పిన సలహాయే గానీ, మనస్తత్వ శాస్త్రం ప్రకారం తప్పు సలహా. మేడెక్కగానే దడ తగ్గుతుంది. ఎక్కబట్టే బతికానని మెదడు లెక్క వేసుకుంటుంది. కింద ఉన్నా ఏమీ కాదని తెలిసే అవకాశమే దానికి రాదు. ఎక్స్‌పోజర్ థెరపీ పట్టుకునేది ఈ ముడినే. భయపెట్టేదాన్ని ప్రమాదం లేని చోట, కొంచెం కొంచెంగా ఎదుర్కోనిస్తారు. పాత భయం చెరిగిపోదు, దాని పక్కన కొత్త అనుభవం చేరుతుంది. అందుకే ఒకచోట తగ్గిన భయం ఇంకోచోట మళ్లీ లేవొచ్చు.

అమెరికాలో మనస్తత్వవేత్త ఎడ్నా ఫోవా రూపొందించిన ఇలాంటి పద్ధతిలో, జరిగినదాన్ని కళ్లు మూసుకుని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి. ఆ రికార్డింగును ఇంటి దగ్గర రోజూ వినాలి. అత్తగారు, పిల్లలు, టీవీ అన్నీ ఉన్న రెండు గదుల ఇంట్లో ఎక్కడ కూర్చుని వింటాం?

పైగా భయాన్ని అందరూ భయమనే చెప్పరు. కంబోడియా శరణార్థులు లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయనీ, ఒంట్లో 'ఖ్యాల్' అనే గాలి పైకి తన్నుతోందనీ బెదిరిపోయేవారు. వాళ్లకు వైద్యం చేసిన డెవన్ హింటన్ ఆ కళ్లు తిరగడాన్నే కావాలని తెప్పించి, దాన్ని మంచి జ్ఞాపకాలతో ముడివేయించాడు. మనమూ అంతేగా! పిల్లాడైతే జడుసుకున్నాడని తాయెత్తు కడతాం, పెద్దవాళ్లమైతే గ్యాస్ పట్టేసిందని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాం.

నాకు బాగా నచ్చింది టర్కీ ప్రయోగం. అక్కడ 1999 ఆగస్టు 17న పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత మానసిక వైద్యుడు మెటిన్ బషోలు బృందం, కుదుపులు పుట్టించే యంత్రం మీద చిన్న ఇల్లు పెట్టి, బతికి బయటపడ్డవాళ్లను అందులోకి పంపింది. ఎంత ఊగాలి, ఎప్పుడు ఆగాలి అన్నది వాళ్ల చేతిలోనే. ఒక్క విడతతోనే చాలామందికి భయం బాగా తగ్గింది. వాళ్లను ఊరడించడం కోసం చేసింది కాదిది, అదుపు తమ దగ్గరే ఉందని వాళ్లకు తెలియాలని చేసింది.

సింగ్ నగర్‌లో ఒక చిక్కుంది. బుడమేరు 2005లోనూ ఊరిని ముంచింది, కాబట్టి పిన్ని భయం ఉత్తది కాదు. గట్టు తెగినప్పుడు మేడెక్కడమే తెలివి. కౌన్సెలర్ నేర్పాల్సింది చినుకుకూ వరదకూ తేడా.

పోయిన వారం తుంపర పడుతుంటే పిన్ని సంచీ బీరువాలో పెట్టి గడప దగ్గర నిలబడింది. ఎంతసేపో కౌన్సెలర్ చెప్పలేదు, తనే గడువు పెట్టుకుంది: పొయ్యి మీద పాలు పొంగేదాకా.

పాలు పొంగాయి. పొయ్యి కట్టేసి మేడెక్కింది. సంచీ మాత్రం బీరువాలోనే ఉంది.