వేడెక్కే ప్రాసెసర్, హోరెత్తే ఫ్యాన్లు: అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ సగం దాటిందంటే కడపలో నా బల్ల మీద గేమింగ్ కంప్యూటర్లు వరుస కడతాయి. పరీక్షలు అయిపోయి పిల్లలు ఇళ్లకు చేరుకుంటారు. బయట 42 డిగ్రీల ఎండ, లోపల తలుపులు మూసిన గది, గంటల తరబడి ఆట. "అన్నా, ప్రాసెసర్ కాలిపోయేలా ఉంది, ఫ్యాను పిండిమరలా హోరుమంటోంది" అంటూ వస్తారు. వాళ్లలో సగం మంది అప్పటికే ఏదో ఒకటి కొని ఉంటారు. మూడు ఫ్యాన్లో, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే ఖరీదైన పేస్టో, ఏకంగా లిక్విడ్ కూలరో. డబ్బు పోయింది, వేడి మాత్రం ఉన్నచోటే ఉంది.

వేడి బయటికి పోవడానికి ఒక దారి ఉంది. చిప్ నుంచి పేస్టుకు, పేస్టు నుంచి లోహపు రెక్కల దిమ్మెకు, అంటే హీట్‌సింక్‌కు, అక్కడి నుంచి గాలికి, ఆ గాలి క్యాబినెట్ దాటి గదిలోకి, గది నుంచి కిటికీ బయటికి. ఈ దారిలో అడ్డు ఎక్కడ పడిందో చూడకుండా ఏది కొన్నా అది అదృష్టం మీద ఆధారపడిన కొనుగోలే. 14 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. తరచూ వినే అపోహలను ఒకచోట రాసిపెడితే కొందరికైనా ఖర్చు తప్పుతుందని ఇది రాస్తున్నాను.

అపోహ: 80 డిగ్రీలు దాటితే ప్రాసెసర్ కాలిపోతుంది.

కాలిపోదు. ఇంటెల్ 12, 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. ఏఎమ్‌డీ రైజెన్ 5000 వరుసలో మోడల్‌ను బట్టి 90 లేదా 95. 2022లో వచ్చిన రైజెన్ 7000 వరుసలో 95 డిగ్రీల మోడళ్లనైతే పూర్తి భారం పడినప్పుడు ఆ 95 వరకూ వెళ్లి అక్కడే నిలబడి పనిచేసేలా తయారు చేశారు. పరిమితిని తాకగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దాన్నే థ్రాట్లింగ్ అంటారు. అప్పటికీ వేడి ఆగకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది. ఆటలో ఉన్నట్టుండి కుదుపులు మొదలైతే కారణం చాలాసార్లు ఈ వేగం తగ్గడమే.

గది వేడిని లెక్కలోకి తీసుకోకుండా అంకెను చూసి భయపడడం ఇంకో పొరపాటు. గదిలో ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్‌లోనూ దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతాయి. జనవరిలో 28 డిగ్రీల గదిలో 70 చూపిన కంప్యూటర్ మే నెలలో 40 డిగ్రీల గదిలో 82 చూపితే దానికి ఏ జబ్బూ లేదు.

నేను అంకె కంటే ఎక్కువగా చూసేది అది ఎంత త్వరగా ఎక్కుతోందన్నది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి, డిగ్రీలు చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, ప్రాసెసర్ మీద పూర్తి భారం పెట్టే సినీబెంచ్ నడిపించి గమనించండి. మొదలుపెట్టిన రెండు మూడు సెకన్లలోనే 45 నుంచి 100కు ఎగబాకితే, వేడి అసలు హీట్‌సింక్‌ దాకా చేరడం లేదన్నమాట. పది పదిహేను నిమిషాల పాటు మెల్లగా ఎక్కుతూ పోతే హీట్‌సింక్ తన పని తాను చేస్తోంది, క్యాబినెట్‌లోని గాలే వేడెక్కుతోంది. పెద్ద భారీ ప్రాసెసర్లు మంచి కూలర్ ఉన్నా క్షణాల్లో ఎగబాకుతాయి కాబట్టి వాటికి ఈ పరీక్ష అంతగా పనికిరాదు. మామూలు 65 వాట్ల ప్రాసెసర్‌కు మాత్రం ఈ ఒక్క పరీక్షతో సగం సమస్య తేలిపోతుంది.

రెండేళ్ల కిందట రాయచోటి నుంచి ఒక అబ్బాయి క్యాబినెట్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. భారం పెట్టగానే 97. మూడుసార్లు పేస్టు మార్చానన్నాడు. కాసేపు నడిపి, ఆపి, హీట్‌సింక్ రెక్కల మీద వేలు పెట్టాను. చల్లగా ఉన్నాయి. పైన చల్లగా ఉండి కింద 97 అంటే మధ్యలో తెగిందని అర్థం. ఇంటెల్ ప్రాసెసర్‌తో పాటు వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ కాళ్లు ఉంటాయి. వెనకవైపు కాలు ఒకటి రంధ్రంలో సగమే దిగి ఉంది. కూలర్ తీసి తిరగేస్తే, పేస్టు ఒక పక్క నెలవంకలా పరుచుకుంది. రెండో పక్క ట్యూబు నుంచి పడింది పడినట్టే ఉంది. మదర్‌బోర్డును బయటికి తీసి, బల్ల మీద పెట్టి, ఎదురెదురు కాళ్లను ఒకేసారి టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాను. 97 కాస్తా 71 అయింది. మూడు ట్యూబుల పేస్టు చేయలేని పని అది.

అపోహ: పేస్టు ఎంత ఎక్కువ రాస్తే అంత చల్లదనం.

పేస్టు వేడిని బాగా మోసే పదార్థమేమీ కాదు. వేడిని మోయడంలో రాగికి 400 మార్కులు అనుకుంటే మంచి పేస్టుకు 10 దరిదాపుల్లో వస్తాయి, గాలికి 0.03 కూడా రావు. రెండు లోహాల మధ్య కంటికి కనిపించని గుంతల్లో గాలి చేరకుండా ఆ ఖాళీని నింపడమే దాని పని. అందుకే పలుచని పొర చాలు. మామూలు ప్రాసెసర్‌కు మధ్యలో బఠాణీ గింజంత పెట్టి కూలర్‌ను సమంగా బిగిస్తే అదే పరుచుకుంటుంది. టూత్‌పేస్టు పెట్టి తెచ్చిన వాళ్లనూ చూశాను. అందులోని నీరు కొద్ది రోజుల్లో ఆరిపోయి సుద్దలా మిగులుతుంది. లిక్విడ్ మెటల్ జోలికి కొత్తవాళ్లు వెళ్లవద్దని చేతులు జోడించి చెబుతాను. అది కరెంటును ప్రవహింపజేస్తుంది, అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది.

పేస్టు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఏఎమ్4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న రైజెన్ బోర్డుల్లో ఎండిన పేస్టు జిగురులా పట్టేసి, కూలర్‌ను పైకి లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు ఏదైనా ఆట ఆడి, కంప్యూటర్ ఆపి, పేస్టు వెచ్చగా ఉండగానే కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి.

అపోహ: క్యాబినెట్ పక్క తలుపు తీసేస్తే సరిపోతుంది, ఫ్యాన్లు పెంచితే ఇంకా మంచిది.

తలుపు తీయడం మందు కాదు, పరీక్ష. తీయగానే 10 డిగ్రీలు తగ్గితే క్యాబినెట్ ముందువైపు నుంచి గాలి సరిగా రావడం లేదని తెలిసినట్టే. ఏమీ తగ్గకపోతే లోపం కూలర్ దగ్గర ఉంది. తెలుసుకున్నాక తలుపు మూసేయండి. మన ప్రాంతపు దుమ్ము అలాంటిది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, బండల పాలిష్ యంత్రాలు ఉన్నచోట్ల నుంచి వచ్చే కంప్యూటర్లలో సన్నని రాతిపొడి, ఇంట్లోని నూలు పోగులతో కలిసి ముందు జాలీ మీద మందపాటి కంబళిలా అల్లుకుని ఉంటుంది. ఒకసారి ఆ పొర గోటితో పట్టి లాగితే అరచేతి వెడల్పున ఒకే ముక్కగా ఊడి వచ్చింది.

ఫ్యాన్ల విషయంలో లెక్క కంటే దిశ ముఖ్యం. మామూలుగా ఫ్యాను తెరిచి ఉన్న ముఖం వైపు నుంచి గాలిని పీల్చి, మోటారును పట్టుకునే కడ్డీలు ఉన్న వైపుకు వదులుతుంది. ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి, చాలామందికి ఇంతే చాలు. ఇంట్లో పరీక్షించాలంటే అగరువత్తి వెలిగించి ముందు జాలీకి బెత్తెడు దూరంలో పట్టుకోండి. పొగ లోపలికి వంగి పోవాలి, వెనక నుంచి బయటికి తోసుకు రావాలి. ముందు పీల్చాల్సిన చోట వదులుతోందా, వెనక వదిలినది తిరిగి లోపలికి వస్తోందా, అంతా పొగే చూపిస్తుంది.

దుమ్ము దులపడానికి పంక్చర్ షాపు కంప్రెసర్ వాడకండి. ఆ ట్యాంకులో నీళ్లు, నూనె ఉంటాయి, గాలితో పాటు బోర్డు మీద పడతాయి. చేతి బ్లోయర్, మెత్తటి పెయింట్ బ్రష్ చాలు. ఊదేటప్పుడు రెక్కలను వేలితో పట్టుకోవాలి. విడిగా గిర్రున తిరిగే ఫ్యాను తానే కరెంటు పుట్టిస్తుంది, బేరింగు కూడా దెబ్బతింటుంది.

అపోహ: లిక్విడ్ కూలర్ పెడితే గది వేడితో సంబంధం ఉండదు.

గది 40 డిగ్రీలు ఉంటే ఆ గొట్టాల్లోని ద్రవం 40 కంటే చల్లగా ఉండదు. అది వేడిని ఒకచోటు నుంచి ఇంకోచోటికి మోసుకుపోతుంది, అంతే. 253 వాట్ల దాకా లాగే కోర్ ఐ9-13900కే లాంటి వాటికి దాని అవసరం ఉంది. 65 వాట్ల ప్రాసెసర్‌కు ఒక మంచి ఎయిర్ కూలర్ చాలు. లిక్విడ్ కూలర్ పెట్టుకున్నవాళ్లు పంపు మొత్తం వ్యవస్థలో ఎత్తైన చోట ఉండకుండా చూసుకోండి. గాలి బుడగలు పైకే చేరతాయి, పంపు గరగరలాడుతుంది.

అపోహ: చప్పుడు వస్తోందంటే ఫ్యాను పాడైపోయినట్టే.

చప్పుడును ముందు చెవి పెట్టి వినాలి. పొద్దున ఆన్ చేయగానే కరకరలాడి కాసేపటికి తగ్గితే బేరింగు అరిగింది. కుట్టు మిషన్ నూనె చుక్క వేస్తే కొన్ని వారాలు నడుస్తుంది, ఆ తర్వాత మార్చాల్సిందే. టకటకమంటే ఏదో వైరు రెక్కలకు తగులుతోంది. సన్నని కీచు శబ్దం ఆట మెనూలో పెరిగి, ఆటలో మారుతూ ఉంటే అది ఫ్యానే కాదు, గ్రాఫిక్స్ కార్డులోని కాయిల్స్. సెకనుకు వచ్చే ఫ్రేములను మానిటర్ సామర్థ్యానికి పరిమితం చేస్తే చాలావరకు తగ్గుతుంది. బ్రౌజర్ తెరిచినప్పుడల్లా హోరు లేచి పడిపోతుంటే అది అమరిక సమస్య. ప్రాసెసర్ క్షణకాలం వేడెక్కిన ప్రతిసారీ ఫ్యాను ఉలిక్కిపడుతోంది. మదర్‌బోర్డు సెట్టింగులు ఉండే బయోస్‌లో ఫ్యాన్ స్టెప్-అప్ టైమ్ పెంచితే అది కొన్ని సెకన్లు ఆగి స్పందిస్తుంది. ఫ్యాను వేగం సగానికి తగ్గితే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుందని గుర్తుంచుకోండి.

అపోహ: పవర్ తగ్గిస్తే ఆట పాడవుతుంది.

ఎండాకాలంలో నేను మొదట చేసే పని ఇదే. కొన్ని మదర్‌బోర్డులు ప్రాసెసర్ పవర్ పరిమితులను పూర్తిగా ఎత్తేసి వస్తాయి. రైజెన్ 7 7700ఎక్స్ మామూలుగా 142 వాట్ల దాకా తీసుకోగలదు. 65 వాట్ల తరగతి ఎకో మోడ్‌లో (కరెంటు వాడకం తగ్గించే అమరిక) పెడితే అసలు వాడకం 88 వాట్లతో ఆగుతుంది. వీడియో రెండరింగ్ లాంటి పనుల్లో కొంత వేగం తగ్గుతుంది, ఆటల్లో చాలావరకు తేడా పట్టుకోవడం కష్టం.

ఇంటెల్ 13, 14వ తరం వాళ్లకు ఇంకో మాట. ఆట మధ్యలో పదేపదే మూసుకుపోతుంటే వేడి వల్లే అనుకుని కూలర్లు మార్చినవాళ్లు ఉన్నారు. అసలు కారణం ప్రాసెసర్ అడగాల్సిన దానికంటే ఎక్కువ వోల్టేజీ అడగడం. ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్‌తో (ప్రాసెసర్ లోపలి సూచనల సవరణ, బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది) దాన్ని సరిచేయడం మొదలుపెట్టింది, దాని తర్వాత మరిన్ని సవరణలు వచ్చాయి. బయోస్ అప్‌డేట్ చేయండి. అప్పటికే దెబ్బతిన్న చిప్ అప్‌డేట్‌తో బాగుపడదు. ఆ ప్రాసెసర్లకు కంపెనీ వారంటీని రెండేళ్లు పొడిగించింది కనుక ముందు బిల్లు వెతకండి.

చివరగా, ఇంటికి వెళ్లి చూస్తేగానీ దొరకని లోపం. మన పాత ఇళ్లలో గోడలో కడప బండలతో కట్టిన గూళ్లు ఉంటాయి. మే నెలలో ఒక ఇంట్లో కంప్యూటర్‌ను అలాంటి గూట్లోనే పెట్టారు. మూడు వైపులా గోడ, పైన బండ. వెనక వదిలిన వేడి గాలి గోడకు కొట్టుకుని ముందు జాలీ దగ్గరికే తిరిగి వస్తోంది. చేయి పెడితే సెగ తగిలింది. అక్కడ 93 చూపుతున్న ప్రాసెసర్, క్యాబినెట్‌ను కిటికీ పక్కన బల్ల మీదికి మార్చిన ఇరవై నిమిషాలకు, అదే ఆటలో, 79కి దిగింది. ఫ్యాను హోరు తగ్గేసరికి వంటింట్లోంచి వాళ్లమ్మ వచ్చి, కంప్యూటర్ ఆపేశారా అని అడిగింది.