పోలీసులు నిర్దోషులని తీర్పు వచ్చిన రోజు: అపోహలు - వాస్తవాలు

అత్యాచారం కేసులో పోలీసులు నిర్దోషులుగా విడుదలయ్యారని వార్త రాగానే నా ఫోను మోగడం మొదలవుతుంది. ఇరవై ఏళ్లకు పైగా సెషన్స్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదిస్తున్నాను. ముద్దాయిల తరఫున నిలబడ్డాను, ఉచిత న్యాయసాయం అందించే న్యాయసేవాధికార సంస్థ అప్పగించినప్పుడు బాధితుల తరఫునా నిలబడ్డాను. ఫోను చేసినవాళ్లలో కొందరు “చూశారా, అంతా కట్టుకథే” అంటారు. మరికొందరు “జడ్జిని కొనేశారు” అంటారు. అప్పటికి తీర్పు చదివినవాళ్లు వాళ్లలో ఒక్కరూ ఉండరు. నేను పదేపదే ఇచ్చే జవాబులను ఒకచోట రాస్తున్నాను.

అపోహ: విడుదలయ్యారంటే ఆమె అబద్ధం చెప్పినట్టే.

అన్నింటికంటే ఎక్కువ హాని చేసే అపోహ ఇది. క్రిమినల్ కోర్టు ముందున్న ప్రశ్న “ఆమె నిజం చెప్పిందా?” అన్నది ఒక్కటే కాదు. “ఈ మనిషే ఈ నేరం చేశాడని సహేతుకమైన అనుమానానికి తావు లేకుండా ప్రాసిక్యూషన్ రుజువు చేసిందా?” అన్నది అసలు ప్రశ్న. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో వాకపల్లి తీర్పు చూపిస్తుంది.

2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని జి.మాడుగుల మండలం వాకపల్లికి మావోయిస్టుల కోసం గాలించే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ గాలింపుకు వెళ్లింది. ఆ ఉదయం తమపై అత్యాచారం జరిగిందని 11 మంది కోందు ఆదివాసీ మహిళలు చెప్పారు. అసలు విచారణ జరగాలా వద్దా అన్న వాదనతోనే పదేళ్లు గడిచాయి. 2017లో సుప్రీంకోర్టు జరపాల్సిందేనని చెప్పింది. చివరకు 13 మంది పోలీసులు విచారణ ఎదుర్కొన్నారు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు వారిని నిర్దోషులుగా విడుదల చేసింది. అదే తీర్పులో దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని వేలెత్తి చూపింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఆ మహిళలకు పరిహారం అందించాలనీ చెప్పింది.

ముద్దాయిలను వదిలేసి బాధితులకు పరిహారం ఏమిటని చాలామంది ఆశ్చర్యపోయారు. చట్టంలో అందుకు దారి ఉంది. కేసు విడుదలతో ముగిసినా, బాధితులను ఆదుకోవాల్సిన అవసరం ఉందనుకుంటే కోర్టు పరిహారానికి సిఫార్సు చేయవచ్చని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 357ఎ సెక్షన్ చెప్పింది. ఇప్పుడది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 396వ సెక్షన్. నేరం రుజువు కాకపోవడం వేరు, ఆమెకు అన్యాయం జరగకపోవడం వేరు అని చట్టమే ఒప్పుకుందన్నమాట.

ఇంకో మాటా చెప్పాలి. విడుదలైన మనిషి చట్టం దృష్టిలో నిర్దోషి. ఆయన ఫొటో పెట్టి నేరస్థుడని రాసే హక్కు మనకు లేదు. ముద్దాయిల పక్కన నిలబడి వాదించిన నేను ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. ఆమెను అబద్ధాలకోరని పిలిచే హక్కూ అంతే లేదు.

అపోహ: ఒంటిమీద గాయాలు లేవు, కేకలు వేయలేదు, కాబట్టి ఇష్టపడే ఉంటుంది.

ఈ మాటను ఒకనాడు మన సుప్రీంకోర్టే దాదాపుగా అన్నది. న్యాయవాదులం దాన్ని ‘తుకారాం కేసు’ అంటాం. బయట అది బాధితురాలి పేరుతోనే ప్రసిద్ధం. ఆ పేరు నేను రాయను. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరమన్న నిబంధన కూడా ఆ కేసు తర్వాతే వచ్చింది.

1972 మార్చి 26 రాత్రి. మహారాష్ట్రలో అప్పటి చంద్రపూర్ జిల్లాలోని దేసాయిగంజ్ పోలీసు స్టేషన్. సొంత అన్న ఇచ్చిన ఫిర్యాదుపై వాంగ్మూలం ఇవ్వడానికి ఒక ఆదివాసీ బాలిక వచ్చింది. తన వాళ్లు బయట ఎదురుచూస్తుండగా ఆమెను లోపలే ఉంచేశారు. కానిస్టేబుల్ గణపత్ మీద అత్యాచారం ఆరోపణ, హెడ్ కానిస్టేబుల్ తుకారాం మీద లైంగిక దాడి ఆరోపణ. 1974లో సెషన్స్ కోర్టు ఇద్దరినీ వదిలేసింది. 1976లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి ఆ తీర్పును తిరగరాసి, భయంతో లొంగిపోవడం సమ్మతి కాదని చెప్పి శిక్ష వేసింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్నీ కొట్టేసింది. ఒంటిమీద గాయాలు లేకపోవడం ఆమెకు వ్యతిరేకంగా నిలిచిన ప్రధాన కారణాల్లో ఒకటి.

రాత్రివేళ, పోలీసు స్టేషన్‌లో, పోలీసు చేతికి చిక్కిన పిల్ల ఎవరిని పిలవాలి? ఇలాంటి సమయంలో మనం పిలిచేది పోలీసులనే కదా!

ఏడాది తర్వాత, 1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. న్యాయశాస్త్రం బోధించే ఈ నలుగురూ సమ్మతికీ లొంగుబాటుకూ తేడా ఏమిటని అడిగారు. ఆ లేఖ చేతికి అందాక దేశమంతటా మహిళలు రోడ్డెక్కారు. 1983లో చట్టం మారింది. కస్టడీలో అత్యాచారానికి కనీసం పదేళ్ల శిక్ష వచ్చింది. సాక్ష్యాల చట్టంలో 114ఎ సెక్షన్ చేరింది. పోలీసు కస్టడీలో శారీరక సంబంధం జరిగినట్టు రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలి. ఆ తర్వాత మరికొన్ని మారాయి. ఆమె గత జీవితాన్ని తవ్వే నిబంధనను 2002లో తొలగించారు. ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో సమ్మతి ఉన్నట్టు కాదని 2013లో చట్టంలోనే రాశారు. బాధితురాలికి అంతకుముందు లైంగిక అనుభవం ఉందా అని చూసే ‘రెండు వేళ్ల పరీక్ష’ చేయడం దుష్ప్రవర్తన కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది.

అపోహ: జనం రోడ్డెక్కితే న్యాయం జరిగిపోతుంది.

జరగలేదు. హైదరాబాదే సాక్ష్యం. 1978 మార్చిలో నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగిందన్న ఆరోపణ వచ్చింది. రిక్షా తొక్కే ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. విచారణ మాత్రం రాష్ట్రం దాటి కర్ణాటకలోని రాయచూరుకు వెళ్లింది. 1981లో అక్కడ పోలీసులు నిర్దోషులుగా విడుదలయ్యారు. ఆమె నడవడికపై వేసిన బురద మాత్రం మిగిలిపోయింది.

కమిషన్ తేల్చింది క్రిమినల్ కోర్టును కట్టిపడేయదు. కోర్టులో అంతా మొదటి నుంచి రుజువు చేయాలి. రుజువులు సేకరించాల్సింది ఎవరు? ముద్దాయిల శాఖ మనుషులే. తీర్పు రోజు మనకు వచ్చే కోపం నిజమైనదే, కానీ కేసు ఓడిపోవడం మొదటి వారంలోనే మొదలవుతుంది.

నేను చూసిన ఒక కేసు చెబుతాను, ఊరు చెప్పను. ఘటన జరిగిన ఎనిమిదేళ్లకు ఆమె సాక్షి బోనులో నిలబడింది. ఎదురుగా తెల్లచొక్కాల్లో నలుగురు మగవాళ్లు. ఘటన రోజు ఆమె చూసినప్పుడు వాళ్లు యూనిఫాంలో, టోపీలతో ఉన్నారు. నిందితులను ఇతరులతో కలిపి నిలబెట్టి గుర్తుపట్టించే గుర్తింపు పరేడ్ ఎవరూ పెట్టలేదు. “వీరిలో ఎవరు?” అని అడిగారు. ఆమె చాలాసేపు చూసి, “ఆ రోజు అందరూ ఒకేలా ఉన్నారు” అంది. డిఫెన్సు న్యాయవాది వెంటనే లేచి, “గుర్తుపట్టలేకపోయిందని నమోదు చేయండి” అన్నాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. తర్వాత బట్టల పొట్లం తెచ్చారు. లక్క ముద్ర పగిలి ఉంది. అది ఎన్ని రోజులు ఎవరి దగ్గర ఉందో చెప్పే కాగితం లేదు. ఆమె చెప్పింది అబద్ధమని ఆ తీర్పులో ఎక్కడా లేదు. అయినా కేసు పోయింది.

అందుకే ఇలాంటి ఘటన మీ ఊళ్లో జరిగితే ధర్నాతో పాటు కొన్ని పనులు అడగండి. ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకపోవడమే ఒక నేరం. సమాచారం అందిన 24 గంటల్లో ఆమె సమ్మతితో వైద్య పరీక్ష జరగాలి. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇప్పించాలి. పోలీసు కస్టడీలో అత్యాచారం ఆరోపణ వస్తే, పోలీసు దర్యాప్తుతో పాటు జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ కూడా జరపాలి. ఈ నిబంధన 2006 నుంచి ఉంది, అడిగేవాళ్లే లేరు. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టి దృశ్యాలను 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ రోజు దృశ్యాలను చెరపకుండా ఉంచాలని మొదటి రోజే రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి.

అపోహ: తీర్పును విమర్శిస్తే కోర్టు ధిక్కారం.

కాదు. ముగిసిన కేసులో తీర్పు మంచిచెడ్డలపై న్యాయమైన వ్యాఖ్య ధిక్కారం కాదని 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 5వ సెక్షనే చెబుతుంది. ఆధారం లేకుండా జడ్జి డబ్బు తీసుకున్నాడనడం మాత్రం వేరే సంగతి.

అపోహ: కేసు కొట్టేశారు కాబట్టి ఉద్యోగానికి ఢోకా లేదు.

శాఖాపరమైన విచారణకు అంత గట్టి రుజువు అక్కర్లేదు. తమిళనాడులోని తెన్‌కాశి బస్టాండులో ఒక మహిళను వేధించాడన్న ఆరోపణ ఎదుర్కొన్న పోలీసు ఉద్యోగి క్రిమినల్ కేసులో బయటపడ్డాడు. అయినా 2012లో సుప్రీంకోర్టు అతని తొలగింపును సమర్థించింది. సాక్షులు ఎదురు తిరగడం వల్ల విడుదల కావడం గౌరవప్రదమైన విముక్తి కాదని చెప్పింది.

అపోహ: ప్రభుత్వం అప్పీలు చేయకపోతే ఇక అంతే.

2009 డిసెంబరు 31 నుంచి బాధితురాలికే అప్పీలు చేసే హక్కు ఉంది. దానికి హైకోర్టు ముందస్తు అనుమతి అవసరం లేదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఇవ్వాలి.

పైన చెప్పిన కేసులో తీర్పు చదివాక ఆమె కోర్టు మెట్ల మీద కూర్చుంది. పక్కన ఎవరో “అయితే ఏమీ జరగలేదన్నమాట” అనుకుంటూ వెళ్లారు. ఆమెకు వినిపించింది. కాసేపటికి నన్ను ఒక్కటే అడిగింది: “ఆ కాగితంలో నేను అబద్ధం చెప్పానని రాశారా అమ్మా?” లేదన్నాను. “అయితే నాకొకటి ఇప్పించండి” అంది. లోపలికి వెళ్లి ధ్రువీకరించిన నకలు కోసం దరఖాస్తు రాశాం. సంతకం చేయాల్సిన చోట ఆమె వేలిముద్ర వేసింది.