అహ్మదాబాద్ పేరు మోస్తున్న ఎర్ర మునియా

ఎర్ర మునియాకు ఇంగ్లిషులో చాలాకాలంగా ఉన్న పేరు 'అవదవత్'. ఈ మాట పిట్ట రంగును గానీ పాటను గానీ చెప్పదు. సుల్తాన్ అహ్మద్ షా 1411లో కట్టించిన అహ్మదాబాద్ నగరం పేరే నోళ్లు మారి అలా తయారైంది.

ఈ పిట్ట పొడవు పది సెంటీమీటర్లు. జతకట్టే కాలంలో మగపిట్ట తెల్ల చుక్కలు చల్లిన కెంపులా మెరుస్తుంది; ఆ కాలం దాటగానే ఈకలు రాల్చి ఆడపిట్టలాగా మట్టిరంగుకు తిరిగిపోతుంది. గడ్డిగింజలు తిని బతికే పక్షి కాబట్టి, ఇన్ని కొర్రలు పోస్తే నెలల తరబడి సాగే ఓడ ప్రయాణాన్ని పురుగులు తినే పిట్టలకన్నా తేలిగ్గా తట్టుకునేది. పదిహేడో శతాబ్దంలో నీలిమందు, నూలుబట్టల కోసం గుజరాత్‌లో స్థావరాలు పెట్టుకున్న ఐరోపా వర్తకులకు ఇదీ ఒక సరుకైంది. 1670లలో సూరత్‌లో పనిచేసిన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జాన్ ఫ్రయర్, 1698లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో, అహ్మదాబాద్ నుంచి వచ్చే ఈ పిట్టల ఒంటిమీది చుక్కలను తట్టు పొక్కులతో పోల్చాడు (వైద్యుడి చూపు మరి!), పంజరానికి యాభై చొప్పున ఉంటాయనీ, ఒకటి పాట ఎత్తుకుంటే మిగిలినవన్నీ అందుకుంటాయనీ రాశాడు.

భారతదేశంలోని ఆంగ్లేయుల వాడుక మాటలను పోగుచేసిన 1886 నాటి 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు 'అవదవత్' అనే పేరును నగరనామానికి అపభ్రంశమని తేల్చింది. ఆ మాటను పూర్తిగా ఒప్పుకోలేము. గుజరాతీలు తమ నగరాన్ని నేటికీ 'అమ్దావాద్' అనే పిలుస్తారు. పాత ఇంగ్లిషు రాతల్లోని 'అమదవాద్' రూపం ఆ పలుకుబడికి దగ్గరగానే ఉంది. 'మ' స్థానంలో 'వ', చివరి 'ద్' స్థానంలో 'త్' చేరడమే తర్వాతి తప్పు. 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన శాస్త్రీయ నామంలోనూ ఊరి పేరే 'అమండవా'గా స్థిరపడింది. తర్వాత ప్రజాతికీ (దగ్గరి జాతులను కలిపే వర్గానికీ) అదే పేరు రావడంతో నేటి నామం 'అమండవా అమండవా'.

నిజానికి ఈ పిట్ట ఆ నగరానికే పరిమితం కాదు. దేశంలో చాలాచోట్ల, మన రెల్లు పొదల్లోనూ, చెరువు గట్ల గడ్డిలోనూ కనిపిస్తుంది. హిందీవారు రంగును బట్టి 'లాల్' అన్నారు; నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన పక్షి శాస్త్రవేత్త జెర్డన్ మునియాలకు 'జినువాయి' అనే తెలుగు పేరును నమోదు చేశాడు. విదేశీయులకు మాత్రం దాన్ని కొనుక్కున్న ఊరే గుర్తుండిపోయింది. పంజరాల నుంచి తప్పించుకున్న పిట్టల సంతతి ఇప్పుడు స్పెయిన్ నదీతీరాల్లో స్వేచ్ఛగా గూళ్లు కట్టుకుంటోంది.